రెండున్నర ఇనుము

రత్నం తెరకేసి వంగి చూసింది. రాత్రంతా యంత్రం లెక్కపెట్టింది గానీ గీత ఇంకా గీతలా లేదు. ఆరబోసిన వడ్ల మీద కోళ్లు తిరిగి వెళ్లినట్టు ఎక్కడి చుక్కలు అక్కడే చెల్లాచెదురుగా ఉన్నాయి.

"ఇంకా తేలలేదా అమ్మా?" అన్నాడు గుమ్మంలో నిలబడి కూర్మనాథం. ఆ ప్రయోగశాలకు ఆయనే పెద్ద. రిటైర్మెంటు దగ్గరపడినా టేబులు మీద ఫైళ్లు తగ్గని మనిషి.

"లేదు సార్. సోర్సు ముసలిదైపోయింది."

"దాంతోపాటే మనమూను" అంటూ ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "కొత్త సోర్సు కోసం మళ్లీ రాశాను. వస్తుంది. వచ్చేదాకా దీన్నే బతిమాలుకోవాలి."

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా, కొండవాలు మీద ఉంది ఆ సముద్రగర్భ పరిశోధనాలయం. కిటికీలోంచి ఫిషింగ్ హార్బరు కనిపిస్తుంది. లోపల ఉన్న యంత్రం చూడ్డానికి కుట్టుమిషను కంటే పెద్దదేం కాదు. ఒక చివర గోరంత కోబాల్టు బిళ్ళ, వాళ్లు సోర్సు అనేది, సన్నగా ముందుకీ వెనక్కీ ఊగుతూ ఉంటుంది. దాన్నుంచి వచ్చే కిరణాలు మధ్యలో పెట్టిన మట్టి బిళ్ళలోంచి అవతలికి పోవాలి. మట్టిలో ఇనుము ఉంటే, ఏ వేగంతో ఊగినప్పుడు ఏ కిరణాన్ని మింగుతుందో అది ఆ ఇనుము స్వభావాన్ని బట్టి ఉంటుంది. మింగిన చోటల్లా తెరమీద గీతలో ఒక పల్లం పడుతుంది. కోబాల్టు కొత్తగా ఉంటే ఒక్క రోజులో పల్లాలన్నీ తేటగా తేలతాయి. కానీ తొమ్మిది నెలలకోసారి దాని సత్తువ సగం చచ్చిపోతుంది. ఈ బిళ్ళ వచ్చి మూడేళ్లయింది. ఒక రోజు పని ఇప్పుడు రెండు వారాలైనా తెమలడం లేదు.

రత్నం పూర్తి పేరు పైడిరత్నం. వాళ్ల వంశంలో పదో తరగతి దాటిన మొదటి మనిషి, డాక్టరేటు దాకా వెళ్లిన ఒకే ఒక్క మనిషి. పదేళ్లుగా ఆమె చూస్తున్నది మట్టినే. ఓడ నెలకోసారి బంగాళాఖాతం అడుగునుంచి గొట్టాలతో తెచ్చే జిగురు మట్టి. పైపొర గోధుమరంగు, కింది పొర ఆకుపచ్చ. పచ్చమట్టిలో ఇనుమును లాబులో "రెండు" అంటారు, గోధుమమట్టిలోదాన్ని "మూడు" అంటారు. రెండుకి తెరమీద ఎడంగా రెండు పల్లాలు, మూడుకి దగ్గరగా రెండు పల్లాలు. ఇది ఇనుముతో పనిచేసే వాళ్లందరికీ తెలిసిందే. ఎవరికీ తెలియనిది, రత్నం కనిపెట్టింది, ఆ రెంటి మధ్యా అప్పుడప్పుడూ పడే మరో పల్లం. అటు రెండూ కాక ఇటు మూడూ కాక, నిలకడ లేక ఊగిసలాడే ఇనుము. దానికి "రెండున్నర" అని పేరు పెట్టింది కూడా ఆమే.

మట్టిలో రెండున్నర కనిపించిందంటే కొన్ని వారాల్లో పైనున్న నీరు చచ్చిపోతుంది. అడుగున ప్రాణవాయువు పూర్తిగా అయిపోయి, విషవాయువు కలిసిన నీరు దొంగలా పైకి లేచి తీరం వైపు జరుగుతుంది. ఎందుకలా జరుగుతుందో ఇంకా ఎవరూ తేల్చలేదు. జరుగుతుందని మాత్రం రత్నానికి తెలుసు. ఆరేళ్ల కిందట ఆమె తమ్ముడు పోలిరాజు వేటకెళ్లిన బోటు మరో రెండు బోట్లతో కలిసి నడిసముద్రంలో దొరికింది. ఇంజను నడుస్తూనే ఉంది. వలనిండా చచ్చిన చేపలు. మనుషులు డెక్కు మీద ఎక్కడివాళ్లక్కడ, పొద్దుటెండకి కునుకు తీస్తున్నట్టే పడివున్నారు. ఆ బోటు మీదికి దూకి ఇంజను ఆపినవాడు వాళ్ల అన్న ఎల్లాజీ. అప్పటికి నెల ముందు ఓడ తెచ్చిన మట్టిని వేరే పని కోసమని ఫ్రీజర్లో పెట్టింది రత్నం. ఏడుపు తగ్గాక ఒక రోజు దాన్ని యంత్రంలో పెట్టి చూసింది. మధ్యలో మరో పల్లం.

అప్పట్నుంచి ఆ పల్లం పడితే హార్బరులో వారం పాటు ఎర్రజెండా ఎగరేస్తారు. బోట్లు కదలవు. చట్టమేం కాదు అది, బోట్ల సంఘం వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. సంఘం ప్రెసిడెంటు ఎల్లాజీ. "మా సెల్లి సెప్పింది" అన్న ఒక్క మాట మీద నడుస్తోంది కట్టుబాటు. ఇప్పటికి మూడుసార్లు ఎగిరింది జెండా. మూడుసార్లూ ఎవరూ చావలేదు. ఒకసారి మాత్రం, ఎవరూ లేని సముద్రంలో తేలే పరికరం ఒకటి, ఒక మధ్యాహ్నమంతా చచ్చునీరు దాటి వెళ్లిందని కబురు పంపింది. మిగతా రెండుసార్లూ సముద్రం నవ్వుతూనే ఉంది.

ఇది నాలుగోసారి. జెండా ఎగిరి నాలుగు రోజులైంది.

*

మధ్యాహ్నం అన్నయ్య ఇంటికి నడిచింది. హార్బరు గేటు దాటాక ఎండుచేపల దడుల పక్కన ఖాళీ గంపలు బోర్లించుకుని కూర్చున్న ఆడవాళ్లలోంచి కొర్లమ్మ గొంతు వినపడింది.

"ఏటి మట్టి మేడమ్! ఇయ్యాల కూడా సెలవేనా? మా మనవడి బడికి కూడా ఇన్ని సెలవుల్నేవు తల్లీ!"

"దసరాకి కలిపీసి ఇచ్చీమనవే" అని మరొకామె అందుకుంది. అందరూ నవ్వారు. నవ్వుల్లో పస లేదు. వేట నిషేధం రెండు నెలలూ అయిపోయి బోట్లు కదిలి పదిరోజులు తిరక్కుండానే పడిన సెలవు ఇది. వాళ్లు దీన్ని "మట్టి సెలవు" అంటారు.

"ఇంకా సూస్తన్నాం కొర్లత్తా" అంది రత్నం.

"సూడు సూడు. నువ్వు మట్టి సూడు, మేం పొయ్యి సూత్తాం."

ఎల్లాజీ అరుగు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. చెల్లెల్ని చూసి జరిగి చోటిచ్చాడు గానీ తలెత్తలేదు. వదిన మసేనమ్మ పళ్లెం తెచ్చి పెట్టింది. చారూ అన్నం, కాల్చిన ఎండుచేప ముక్క.

"పచ్చిసేప నేదమ్మా. సముద్రం ఎదురుగుండా ఉండి ఎండుసేప తింతన్నాం. మీ అన్నియ్య పెసిడెంటు గదా, మేవే ముందు తినాల" అంది మసేనమ్మ. అన్నం కలుపుతున్న రత్నం చెయ్యి చూసి ఆగింది. "ఏటే ఆ బొటనేలు? అలా వాసిపోనాదేటి?"

"ఏం నేదొదినా. మొన్న నీకాడ జెల్లలు బాగుసేసినప్పుడు ముల్లు దిగింది."

"అప్పుటిదా! అది మొన్నేటే, పదిరోజులు దాటిపోనాది. కొస లోపలే ఇరిగిపోయుంటాది. జెల్ల ముల్లు రంపం నాగ ఉంటాది, తీస్తే గానీ మానదు. సదువుకున్నావు, బుర్ర నేదు."

ఎల్లాజీ వలలోంచి చూపు తీయకుండానే అన్నాడు. "నాలుగు రోజులయ్యింది సెల్లీ. ఏటైనా కానొచ్చిందా?"

"లెక్క నడుస్తంది అన్నియ్యా. జెండా ఎత్తినప్పుడు మసగ్గా ఉంది. గట్టిపడతాదేమోనని చూస్తన్నాను."

"మసగ్గా ఉన్నప్పుడే సెప్పీసినావా?"

"గట్టిపడేదాకా ఆగితే నీరు ముందొచ్చీస్తే?"

అతను దారం కొరికి తెంపాడు. "నిజివే. కాదన్ను. కానీ మైలపిల్లి గురువులూ ఆళ్లూ నిన్న మీటింగెట్టినారు. 'ఎల్లాజీ తన సెల్లెల్ని పెద్దదాన్ని సెయ్యడానికి మన నోటికాడ కూడు తీత్తన్నాడు' అన్నాడు నా మొకమ్మీదే. నానేటీ అన్నేదు. ఏటంటాను? ఏటీ జరక్కపోతే నువ్వు సెప్పింది నిజివనా, అబద్దవనా?"

ఆరేళ్లుగా రత్నాన్ని వేధిస్తున్నది ఆ ప్రశ్నే. ఆమె పని బాగా జరిగితే ఏమీ జరగదు. ఆ ఏమీ జరగనితనాన్ని ఏ యంత్రంలో పెట్టి ఎవరికి చూపిస్తుంది?

*

లాబుకి తిరిగొచ్చాక కుర్చీలో కూలబడి కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత అంతకుముందు తట్టని పని ఒకటి చేసింది. పన్నెండు రోజుల లెక్కనూ ఒక్క కుప్పగా చూడకుండా, జెండా ఎత్తేదాకా పోగైన చుక్కల్నీ, ఆ తర్వాత పోగైన చుక్కల్నీ విడదీసి ఒకదాని మీద ఒకటి పెట్టింది.

మధ్య పల్లం చిన్నదవుతోంది. దాని పక్కన "మూడు" పల్లాలు లోతవుతున్నాయి.

అలా జరగకూడదు. మట్టి బిళ్ళను గాలి చొరకుండా ప్లాస్టిక్ డబ్బీలో మూసి జిగురు పెట్టేశాక లోపలి ఇనుము మారడానికి వీల్లేదు. సముద్రం అడుగున వెలుతురు ఎరగని ఆ పచ్చమట్టికి గాలి తగిలితే చాలు, తరిగిన వంకాయ ముక్క నల్లబడినట్టు గోధుమరంగుకి తిరుగుతుంది. అందుకే దాన్ని విప్పేది, తూచేది, బిళ్ళకొట్టేది అంతా గాజుపెట్టెలోనే. పెట్టెలో గాలి ఉండదు, నైట్రోజను ఉంటుంది. పెట్టె గోడకి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి బయట నిలబడే పని చేయాలి.

రత్నం యంత్రం ఆపింది. డబ్బీ తీసి కోసింది. మట్టి బిళ్ళ నడుమ పచ్చగానే ఉంది. అంచు చుట్టూ మాత్రం, టీ గ్లాసు కింద పడే మరకలాగా, గోధుమరంగు చార.

సగం గాలి తగిలిన మట్టి. సగం రెండు, సగం మూడు. ఆ రెండూ కలిసే హద్దులో కొన్నాళ్లపాటు ఇనుము ఊగిసలాడుతుంది, తెరమీద అచ్చం రెండున్నరలాగే. అది సముద్రం చెప్పిన మాట కాదు. ఈ గదిలో గాలి చెప్పిన మాట.

గాలి ఎక్కణ్నుంచి వచ్చిందో వెతికింది. పెట్టెలోకి నైట్రోజను ఎక్కువగా వదిలితే రబ్బరు తొడుగులు రెండూ మనిషి చేతుల్లా ఉబ్బి బయటికి పొడుచుకొచ్చాయి. వాటికి సబ్బునీళ్లు పూసింది. ఎడమచేతి తొడుగు మీద ఏమీ లేదు. కుడిచేతి తొడుగు బొటనవేలి కొసన చిన్న బుడగ పుట్టింది, ఉబ్బింది, పగిలింది. మళ్లీ పుట్టింది.

రత్నం తన బొటనవేలు చూసుకుంది. ఆ ఆదివారం పొద్దున వదిన గంప దగ్గర కూర్చుని జెల్లలు బాగుచేసి, చేతులు కడుక్కుని, బస్సెక్కి వచ్చి ఈ మట్టిని బిళ్ళకొట్టింది. సలుపుతుంటే రుమాలు నోట్లో పెట్టుకుని మరీ నొక్కింది బిళ్ళను. చిన్న పట్టకారు తెచ్చి వాపు దగ్గర గుచ్చి లాగితే, చీముతోపాటు నువ్వుగింజంత ముల్లు మొన బయటికి వచ్చింది. పాతబడిన రబ్బరుని చీల్చడానికి ఆ మాత్రం చాలు; ఆ చీలికలోంచి దూరిన గాలే డబ్బీలో బిళ్ళతోపాటు ఉండిపోయింది.

*

కూర్మనాథం అంతా విన్నాడు. చివర్న కళ్లజోడు తీసి టేబులు మీద పెట్టాడు.

"మట్టి ఇంకా ఉందా?"

"ఉంది సార్. అదే గొట్టంలోది ఇంకో ముక్క ఫ్రీజర్లో ఉంది. తొడుగు మార్చి మళ్లీ బిళ్ళకొడతాను. కానీ ఈ సోర్సుతో మసగ్గా చూడ్డానికే వారం పైన పడుతుంది."

"అంటే ఇప్పుడు ప్రమాదం ఉందా, లేదా?"

"తెలీదు సార్. ఉందనీ చెప్పలేం. లేదనీ చెప్పలేం."

ఆయన కిటికీలోంచి చూశాడు. హార్బరులో బోట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉన్నాయి.

"ఇంకో మూడు రోజుల్లో జెండా గడువు దానంతటదే అయిపోతుంది కదమ్మా. దిగనీ. ఎవరికీ ఏమీ చెప్పకు."

"సార్..."

"నేను నా పేరు కోసం చెప్పడం లేదు. నాకింకేం పేరు! ఇవాళ నువ్వెళ్లి 'చేప ముల్లు గుచ్చుకుంది, లెక్క తప్పింది' అని చెబితే వాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. రేపు నిజంగా పల్లం పడుతుంది. అప్పుడు జెండా ఎత్తితే 'ఈసారి ఏ చేప గుచ్చింది?' అంటారు. బోట్లు వెళ్తాయి. ఒక్క తప్పు ఒప్పుకుంటే నాలుగు నిజాలు చచ్చిపోతాయి. వాటితోపాటు మనుషులు. మూడు రోజుల ఆకలికీ దానికీ ఏది బరువు? నువ్వే చెప్పు."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు రత్నానికి. అదే ఆమెను ఇంకా వేధించింది. తప్పు దొరికితే కోప్పడవచ్చు.

"మూడు రోజుల తర్వాత జెండా దిగుతుంది సార్. దిగితే ఇక ఫరవాలేదు, వెళ్లొచ్చు అని కదా వాళ్లు అనుకుంటారు?"

ఆయన టేబులు మీద ఫైలొకటి పక్కకి జరిపాడు.

"అదీ మనకి తెలీదు కద సార్. తెలీని దానికి ఎర్రజెండా ఎత్తడం ఒక అబద్ధం. తెలీకుండానే దించడం ఇంకో అబద్ధం. పోలిరాజు పోయినప్పుడు ఎవరూ అబద్ధం చెప్పలేదు సార్, ఎవరికీ తెలీదంతే. ఇప్పుడు నాకు తెలీదని నాకు తెలుసు."

కూర్మనాథం కళ్లజోడు తీసుకుని పెట్టుకున్నాడు. "వెళ్తావన్నమాట."

"వెళ్తాను సార్."

"నా పేరు కూడా చెప్పు. తొడుగులు మార్చాలని నువ్వు అడిగి ఏడాదైంది. నేనే ఆపాను."

*

జెట్టీ మీద పొద్దు వాలుతోంది. ఐసు మిల్లు గోడ నీడలో బోట్లు నడిపే సరంగులు, వాటిమీద పనిచేసే కళాసీలు పేకాడుతున్నారు. ఎల్లాజీ వచ్చి పక్కన నిలబడ్డాడు. అతనికి ముందు చెప్పలేదు రత్నం. చెబితే ఎక్కడ ఆపుతాడోనని భయం.

ఆమె గట్టిగా మాట్లాడే మనిషి కాదు. మొదటి మాట ఎవరికీ వినపడలేదు. రెండోసారి చెప్పింది. మట్టికి గాలి తగిలిందని, తన బొటనవేలి ముల్లు వల్లేనని, తెరమీద చూసింది సముద్రం సంగతి కాదని. ముల్లు మాట రాగానే ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అంతా సద్దుమణిగింది.

మైలపిల్లి గురువులు పేకముక్కలు కింద పెట్టాడు. ముప్పై ఏళ్లుగా బోటు నడుపుతున్న సరంగు. "అయితే ఏటీ నేదా? ఈ నాలుగు రోజులూ మావు ఊరికినే కూకున్నట్టేనా?"

"ఏటీ నేదని కాదు గురువులు మాంయ్యా. ఉందో నేదో తెల్దు."

"తెల్దంటే?"

"తెల్దంటే తెల్దే. మళ్లీ సూడాల. వారం దాటతాది."

"వారం!" ఖాళీ గంపల దగ్గర్నుంచి కొర్లమ్మ లేచింది. "వారం దాకా ఏటి తినమంతావు, నీ మట్టా? మా యమ్మ కడుపుతో ఉన్నప్పుడు తినీదంట. మావు కూడా తిందుమా?"

"నాను ఆగమన్ను అత్తా. ఎల్లమనీ అన్ను. తెలిసినట్టు జెండా ఎత్తినాను. అది తప్పు. ఆ తప్పు సెప్పడానికే వొచ్చాను."

గురువులు ఎల్లాజీ కేసి తిరిగాడు. "ఇన్నావా పెసిడెంటు? మీ సెల్లి సెప్పింది, ఇన్నావా?"

ఎల్లాజీ మొహం నల్లబడిపోయింది. చెల్లెలి రెక్క పట్టుకుని రెండడుగులు పక్కకి లాగాడు. "నాకు ముందు సెప్పాలి కదే. ఇంతమంది ముందట నా పరువు తీసీసినావు. ఆరేళ్లు, ఆరేళ్లు నీ మాట మోసినాను నెత్తిమీద."

"ముందు సెబితే నువ్వేటంటావో నాకు తెలుసు అన్నియ్యా. 'ఊరుకో' అంతావు."

అతను ఆమె రెక్క వదిలేశాడు. అంటాడు. నిజమే.

వెనకాల గలాటా పెరిగింది. కొందరు తిడుతున్నారు, కొందరు అప్పుడే డీజిలు క్యాన్లు మోస్తున్నారు. ఎవరో కర్రమీంచి జెండా లాగేశారు. ఎల్లాజీ అటు చూసి నిట్టూర్చాడు.

"నా బోటూ ఎల్లాల. కళాసీలు ఉండరు. ఆళ్లిళ్లల్లో పొయ్యి ఎలగాలి గదా. సరే, నీ మిసను మాట ఒగ్గీ. మిసను నేకుండా మాకెలా తెలుస్తాది? పోలిగోడికి ఏటి కానొస్తే బతికుండీవోడు?"

ఆరేళ్లలో అన్నయ్య ఆ ప్రశ్న వేయడం అదే మొదలు. పోలిరాజు బోటు వలనిండా చచ్చిన చేపలు రత్నం కళ్లముందు మెదిలాయి. మనుషుల కంటే ముందు చచ్చినవి అవే.

"సేపలకి ముందు తెలుస్తాది. వల్లో సేపని పైకి తీసేసరికి ఎలాగూ చస్తాది, దాన్ని నమ్మనేం. బతికున్నవి కొన్ని పట్టికెళ్లండి. కాలవలోని బొంత సేపలు గట్టివి. బక్కెట్లో ఎయ్యండి. మూతున్న క్యాను బరువు కట్టి దింపి, మూతకి వేరే తాడు కట్టి అడుగున లాగండి. ఆ నీళ్లు తెచ్చి బొంతల్లో పొయ్యండి. నోరు పైకెట్టి గుటకలేస్తన్నాయంటే ఇంక ఏటీ సూడొద్దు, గాలికి ఎదురుగా వొచ్చీండి. వల కోసీసైనా."

"వల కోసీమంతావు!" పక్కనుంచి గురువులు నవ్వాడు. "నిన్నటిదాకా మట్టి సెప్పింది, ఉప్పుడు బొంత సెప్తాదంట. ఓలమ్మో, రేపు పీత సెప్తాదేమో!"

"ఇది కూడా నమ్మకం నేదు మాంయ్యా" అంది రత్నం. "ఎండకి కూడా సస్తాయి బొంతలు. పైనీరు పాడయ్యాక గంట టైముంటాదో, అదీ ఉండదో. నాకు తెలిసింది సెప్తన్నాను. ఇంతకుమించి తెల్దు."

ఆ మాటకి గురువులు నవ్వు ఎందుకో సగంలో ఆగింది. అయినా బొంతలు పట్టుకెళ్లింది ఎల్లాజీ ఒక్కడే. తెల్లవారుతుండగా బోట్లన్నీ కదిలాయి.

*

రత్నం లాబులో కొత్త తొడుగు బిగించింది. సబ్బునీళ్లు పూసి రెండుసార్లు చూసుకుంది. కట్టుకట్టిన బొటనవేలు పైకెత్తి పట్టుకుని, ఎడమచేత్తోనే మెల్లగా మట్టి తూచింది. పచ్చగా, చన్నీళ్లలో నానిన గోరింటాకు ముద్దలా ఉంది మట్టి. బిళ్ళ యంత్రంలో పెట్టి మీట నొక్కాక ఇక ఆమె చేయగలిగింది లేదు. చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. మొదటి రోజు అంతా అలాగే గడిచింది. రెండో రోజు కూర్మనాథం వచ్చి ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ తెర చూడలేదు. కిటికీలోంచి ఖాళీ హార్బరు చూశారు.

మూడోనాటి మధ్యాహ్నం బోట్లు రావడం మొదలైంది. రత్నం మెట్లు దిగి జెట్టీ దాకా ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. ఒక్కొక్క బోటూ గట్టు తాకుతోంది. గంపలు నిండుతున్నాయి. వేలంపాట గోల, ఐసు పలుగుల చప్పుడు. కొర్లమ్మ ఎవరితోనో బేరానికి పోట్లాడుతోంది. ఆ పోట్లాట వింటుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది రత్నానికి. గురువులు బోటు నిండా కోనాం చేపలు. అతను గట్టు మీంచే అరిచాడు. "మట్టి మేడమ్! సముద్రం సల్లగా ఉంది! మీ అన్నియ్యే బెదిరిపోనాడంట, వైర్లెస్సులో ఇన్నాం!"

ఎల్లాజీ బోటు అన్నిటికంటే చివర వచ్చింది. తేలిగ్గా, పైకి తేలి వచ్చింది. లోపల చేప లేదు. వల వేసే చోట ఖాళీ తాళ్లు తెగిన చివర్లతో వేలాడుతున్నాయి. కళాసీలు ఒక్కొక్కరే దిగారు. ఎవరూ ఆమె వంక చూడలేదు. ఒకడు తల పట్టుకుని నేరుగా వెళ్లి కుళాయి కింద కూర్చున్నాడు.

ఎల్లాజీ దిగి ఐసు మిల్లు గోడకి ఆనుకుని జారిపోయినట్టు కూర్చున్నాడు. రత్నం పక్కన కూర్చుంది. ఏం వినాల్సివచ్చినా వినడానికి సిద్ధపడింది.

"ఇయ్యాల పొద్దుటేల" అన్నాడు అతను కళ్లు మూసుకునే. "గాలి నేదు. ఆకు కదల్దు అంటారే, అలగ. మిగతావోళ్లు దచ్చినంగా ఎల్లిపోనారు, మావు ఒక్కళ్లమే. నువ్వు సెప్పినట్టు నీళ్లు తోడినాం. రెండు బొంతలు నోరు పైకెట్టినాయి. ఒకటి తిరగబడిపోనాది. సోమయ్యేమో తలనొప్పంతన్నాడు. ఆడికి ఎండ పడదు, ఎప్పుడూ అంతే అంతాడు. నాకు..." అతను ఆగాడు. "నాకు పోలిగోడి బోటు గుర్తొచ్చీసింది. కత్తి తీసి కోసీసినాను వల."

"అన్నియ్యా..."

"ఎండకి సచ్చినాయా, నీ నీటికి సచ్చినాయా? తెల్దు. అందరూ నవ్వుతన్నారు. నవ్వనీ. వలకి మళ్లీ ఎన్నాళ్లు పడతాదో. మీ వొదిన సంపేస్తాది నన్ను." చెయ్యి చాచి ఆమె బొటనవేలి కట్టు చూశాడు. "ముల్లు తీసీసినావా?"

"తీసీసినాను."

"మంచిది."

కుళాయి దగ్గర సోమయ్య లేచి మొహం తుడుచుకుని కాసేపు నిలబడి, ఇంటివైపు నడిచిపోయాడు. అతని వెనక మిగతా కళాసీలు, ఒక్కొక్కరూ. రత్నం వాళ్లను కళ్లతోనే లెక్కపెట్టుకుంది. ఎంతమంది వెళ్లారో అంతమందీ ఉన్నారు. ఇంతకుమించి రుజువు ఎప్పటికీ దొరకదని ఆమెకి తెలుసు.

"కొత్త మట్టి ఎట్టినావా మిసన్లో?" అన్నాడు ఎల్లాజీ.

"ఎట్టాను. ఇంకా ఏటీ తేలనేదు. తేలాక మీకు సెప్పాలో వద్దో... ఇంకెవరు వింటారు అన్నియ్యా?"

అతను అప్పుడు కళ్లు తెరిచాడు. రెండు రోజులుగా నిద్రలేని కళ్లు, అంచులు ఎర్రగా ఉప్పుతో ఒరుసుకుపోయి ఉన్నాయి.

"మొన్నటిదాకా 'మా సెల్లి సెప్పింది' అని నాను జెండా ఎత్తీవోణ్ని. నువ్వు సెప్పింది ఏటో నాకు తెల్దు, నీకే తెలుసు అనుకునీవోణ్ని. మొన్న నువ్వు తెల్దన్నావు చూడు, ఆ ఒక్క మాటా నాకు తెలిసింది. అందుకే బక్కెట్టు సూసుకుంటూ కూకున్నాను, పడుకోకుండా. తెలిసిందని నువ్వంటే పడుకునీవోణ్ని."

అతను మళ్లీ కళ్లు మూసుకున్నాడు. మాట మెల్లగా, నిద్రలోకి జారుతూ వచ్చింది.

"తేలితే తేలిందని వొచ్చి సెప్పు. తేలకపోతే తేలనేదని వొచ్చి సెప్పు. రాకుండా మాత్రం ఉండకు."